తలకట్టు లేని సంతకం

ఇది నాదా కాదా అని పావుగంట నుంచి చూస్తున్నాను. జిరాక్సు కాగితం, పన్నెండు గళ్లు, ఒక్కో గడిలో ఒక తేదీ, తేదీ పక్కన ఒక గీత. పన్నెండో గడి ఖాళీ. పదకొండో గడి చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ఆ సున్నాలో ఉన్నది సంతకమని ఒకరు చెబితే తప్ప తెలియదు. ఎడమవైపు మొదలై, కాస్త పైకి లేచి, కిందికి జారి, తోకలా సాగి గడి దాటి బయటికి పోయిన గీత. వాన వెలిశాక సిమెంటు మీద ఎండిపోయిన వానపాము అచ్చం ఇలాగే ఉంటుంది. విచారణ గది తలుపు మూసి ఉంది. లోపల మాటలు వినబడుతున్నాయి గానీ ఏమిటో తెలియడం లేదు. "గంట పట్టొచ్చు సార్, పిలుస్తాను, దూరం పోకండి" అన్నాడు అటెండరు. దూరం ఎక్కడికి పోతాను. మూడో అంతస్తు ఇది. కింద లిఫ్టు ఉంది, మెట్లెక్కి వచ్చాను. లిఫ్టు పనివాడు లిఫ్టు ఎక్కడని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది, వంటవాడు తన వంట తినడన్నట్టు. అది నిజం కాదు. ఎక్కుతాను. ఎక్కితే చెవి ఊరుకోదు, అంతే. పుల్లీ ఏమంటోంది, బ్రేకు ఎప్పుడు పట్టింది, తలుపు ఎక్కడ గీసుకుంటోంది, అన్నీ వింటుంది. ఇవాళ మాత్రం చెవికి పని చెప్పబుద్ధి కాలేదు.

ఇరవై తొమ్మిదేళ్లుగా లిఫ్టుల తనిఖీయే నా పని. నెలకోసారి బిల్డింగుకు వెళ్లాలి, డాబా మీద మెషిన్ గదిలో తాళ్లూ బ్రేకూ చూడాలి, తర్వాత ఒక్కో అంతస్తులో తలుపు చూసుకుంటూ దిగాలి, చివర రిజిస్టరులో తేదీ వేసి సంతకం పెట్టాలి. ఈ కాగితం ఎనిమిదంతస్తుల బిల్డింగు రిజిస్టరులోది. పదకొండో గడిలో తేదీ వేసిన పంతొమ్మిదో రోజున, నాలుగో అంతస్తులో, తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పైకి కదిలింది. ఒకావిడ చెయ్యి పడింది మధ్యలో. తలుపు మూసుకోనిదే లిఫ్టు కదలకూడదు. అందుకోసం ప్రతి అంతస్తులో తలుపు పైన వేలెడంత స్విచ్చి ఉంటుంది, దానికి చిన్న నాలుక ఉంటుంది, తలుపు మూసుకుంటే ఆ నాలుక లోపలికి పోతుంది, తెరుచుకుంటే బయటికి వస్తుంది. అక్కడ ఆ నాలుక లోపలే ఇరుక్కుపోయింది. తలుపు తెరిచి ఉన్నా మూసి ఉందని అబద్ధం చెప్పింది. తలుపు సందులో వేలు పెట్టి, బటను నొక్కి చూస్తే తెలిసిపోయే సంగతి. అంతస్తుకు ఒక నిమిషం పని.

నిన్న సాయంత్రం మా మేనేజరు ఫోను చేశాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, మర్యాదస్తుడు, ఎప్పుడూ మీరనే అంటాడు. "సంతకాల నిపుణుడి రిపోర్టు వచ్చిందండీ. ఆ గీత ఎవరిదో తేల్చలేమని రాశాడు. మీ పాత సంతకాలతో కలుస్తోందనీ చెప్పలేం, కలవట్లేదనీ చెప్పలేమన్నాడు. మీరు నాది కాదనండి చాలు." మరి ఎవరిది అంటే? "రిజిస్టరు వాచ్‌మన్ దగ్గరే కదా ఉండేది. గడి ఖాళీగా ఉంటే అసోసియేషన్ వాళ్లు తిడతారని అతనే గీకేసి ఉంటాడు. మనం అతని పేరెత్తక్కర్లేదు. వాళ్లే అనుకుంటారు." మనం పేరెత్తక్కర్లేదు. గోడ మీద పిల్లిలా కూర్చుంటే చాలు, ఎటు దూకాలో వాళ్లే చూసుకుంటారు. ఆ వాచ్‌మన్‌ను ఇప్పటికే పనిలోంచి తీసేశారు. అతను మాట తక్కువ మనిషి, నేను వెళ్లగానే కుర్చీ తుడిచి వేసేవాడు, స్టీలు గ్లాసులో నీళ్లు ఇచ్చేవాడు. ఎప్పుడు చూసినా మెడలో మఫ్లరు, ఎండాకాలం కూడా. సరే ఆలోచిస్తానన్నాను మేనేజరుతో. ఆలోచించడానికి ఏముంది, నాదైతే నాది, కాకపోతే కాదు. వచ్చిన చిక్కల్లా, చూస్తే నిజంగానే నాకు తెలియడం లేదు. ఈ గీత ఎవరైనా గీయగలరు. తొమ్మిదో తరగతిలో మా అమ్మాయే గీసింది.

ప్రోగ్రెస్ కార్డు మీద. లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చిందని నాకు చూపించకుండా తనే పెట్టేసుకుంది. టీచరు పిలిపించింది. నేను వెళ్లేసరికి పిల్ల గోడకానుకుని నిలబడి ఉంది, ఏడుపు లేదు, భయం లేదు. "మీ నాన్న సంతకం నువ్వెట్లా పెట్టావే?" అని టీచరు అడిగితే, "అది పెట్టడం కాదు టీచర్, పెన్ను ఆనించి వదిలేస్తే అదే జారిపోతుంది" అంది. టీచరు నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వలేదు. "మీ పేరులో అక్షరాలన్నీ ఎటు పోయాయండీ? పెళ్లినాడు అన్నీ ఉన్నట్టు గుర్తు" అంది. పెళ్లినాడు ఉన్న మాట నిజమే. రిజిస్ట్రారు బల్ల ముందు నిలబడి రాశాను, ఒత్తు పక్క అక్షరం కిందికి పోయింది, ఆ అక్షరం పక్కన మా ఆవిడ సంతకం అచ్చుపోసినట్టుంది. ఆవిడది ఇప్పటికీ అలాగే ఉంది. ముప్పై ఏళ్లు పైన పిండి, నీళ్లు, పిల్ల, ఆఫీసు, అన్నీ ఆ చేత్తోనే, సంతకం మాత్రం చెక్కు చెదరలేదు. నాదే రాలిపోయింది. పళ్లు రాలినట్టు, ఒక్కటొక్కటిగా, నొప్పి తెలియకుండా.

మొదటిది మాత్రం భలే పెద్దది. పదహారేళ్లప్పుడు పరీక్ష ఫారం మీద పెట్టాలన్నారు, సంతకం లేదు నాకు. ఆ వేసవంతా నోటుపుస్తకం నింపాను. ఇంటిపేరు అక్షరం, చుక్క, ఆపైన పేరు, ప్రతి అక్షరానికీ తలకట్టు, దీర్ఘం చివర సుడి, ఒత్తు కింద ఒంపు, అన్నీ అయ్యాక కింద ఒక పెద్ద గీత, గీత కింద రెండు చుక్కలు. ఆ చుక్కలు ఎందుకో అడిగితే చెప్పలేను. ఎక్కడో ఎవరో ఆఫీసరు పెట్టగా చూశాను. అక్క నా వెనకనుంచి తొంగి చూసి, "సంతకమా, జడ అల్లావా? రిబ్బను కూడా కట్టావే" అంది. ఫారం మీద గడిలో పట్టలేదు. పక్క గడిలోకి పోయింది. పక్క గడి తండ్రి సంతకానిది. నాన్న మిగిలిన కాస్త చోటులో తనది ఇరికించాడు, రెండు పొడి అక్షరాలు, చివర చుక్క. నాన్న అచ్చాఫీసులో కంపోజిటరు, సీసం అక్షరాలు పేర్చేవాడు. అక్షరం పోతే దాని ఖాళీ కనబడుతుందిరా అనేవాడు. ఎందుకన్నాడో, ఏ సందర్భమో గుర్తు లేదు. అక్షరాల పెట్టెలో గడి గడికీ ఒక అక్షరం ఉండేది, అది మాత్రం గుర్తుంది, చెయ్యి చూడకుండానే గడిలోకి పోయేది.

బెంచీ అవతలి కొసన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూడలేదు నేను. కాగితం గలగలమని, తర్వాత జారి కింద పడిన చప్పుడు. వంగి తీసిచ్చాను. అప్పుడు చూశాను. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంది ఆవిడ, పెంపుడు పిల్లిని పెట్టుకున్నట్టు. మూడు వేళ్లు వంగకుండా నిటారుగా, మణికట్టు నుంచి చూపుడువేలు దాకా ఎర్రటి గీత, ఇంకా చెరగని కుట్ల గుర్తులు. వయసు యాభై ఉండదు. మెడలో టేపు, దుస్తులు కొలిచే టేపు, తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది. లేకపోతే అది లేందే తోచదేమో. నాకు చెప్పనక్కర లేకపోయింది. ఫైలులో రాసి ఉంది, కుట్టుపని చేసుకునే మహిళ, నాలుగో అంతస్తు, కుడిచెయ్యి. లేచి అవతలికి పోదామనుకున్నాను, అటెండరు దూరం పోవద్దన్నాడు.

"ఈ కాగితం కొంచెం పట్టుకుంటారా అన్నయ్యగారూ? ఎడంచేత్తో రాస్తుంటే కాగితం నాకంటే ముందు పోతోంది" అంది. పట్టుకున్నాను. బెంచీ మీద పెట్టి రెండు మూలలు వేళ్లతో అదిమాను. ఆవిడ ఎడంచేత్తో పెన్ను పిడికిట్లో పట్టి, కత్తెర పట్టినట్టు పట్టి, తన పేరు రాసింది. మొదటి అక్షరం గుమ్మడికాయంత, రెండోది దాని కిందకి జారి, మూడోది కాగితం అంచు దాకా. పైన అప్పటికే ఇరవై వరసలున్నాయి అలాంటివే. "కోడి గీకినట్టుంది కదూ. ఇది కాస్త నయం, పొద్దుటిది చూస్తే భయపడతారు." ఎందుకమ్మా ఇంత కష్టపడటం, వేలిముద్ర వేస్తే సరిపోదా అన్నాను. "వేలిముద్ర వద్దన్నారు. ఏమైందో తెలుసా, చెయ్యి పనిచెయ్యదని సర్టిఫికెట్టు కోసం అర్జీ పెట్టాను. సంతకం పాత కార్డుతో కలవలేదని వెనక్కి పంపారు. మూడుసార్లు. పాత సంతకం పెట్టగలిగితే ఆ సర్టిఫికెట్టు నాకెందుకండీ?" అని నవ్వింది. నవ్వు మామూలుగానే ఉంది. నేను నవ్వలేక తలూపాను. "నా పాత సంతకం సన్న టాకా వేసినట్టుండేది. ఒక్క చోట దారం తెగేది కాదు. ఇప్పుడు ఎడంచేతికి ఓనమాలు. ఇది కుదిరితే సంతకం, తర్వాత సూది, ఆ తర్వాత కత్తెర. కత్తెరే కష్టం, అన్ని కత్తెరలూ కుడిచేతి వాళ్లకే చేశారు." మళ్లీ రాసింది. నేను మూలలు అదిమి పట్టుకునే ఉన్నాను. మీరెందుకొచ్చారని అడగలేదు ఆవిడ. అడిగితే ఏం చెప్పేవాణ్నో నాకు తెలియదు.

నాకు పని నేర్పినాయన, మేము పెద్దమేస్త్రి అనేవాళ్లం, మొదటి రోజున రిజిస్టరు చేతికిచ్చి ఒక మాటన్నాడు. "ఇక్కడ సంతకం పెట్టడమంటే, నేనొచ్చాను, చూశాను, రేపేదన్నా అయితే నా పీక పట్టుకోండి అని రాసివ్వడం. పీక ఇవ్వడం ఇష్టం లేకపోతే పెన్ను తియ్యకు." అప్పుడు నావి నెలకు పన్నెండు లిఫ్టులు. పన్నెండు చోట్లా పూర్తి పేరు రాసేవాణ్ని, మెషిన్ గదిలో ప్యానెలు పెట్టె మూత మీద రిజిస్టరు పెట్టుకుని, కింది గీతతో సహా. పద్దెనిమిది అయ్యాక చుక్కలు పోయాయి. ఇరవై ఐదుకి కింది గీత పోయింది. పెద్దమేస్త్రి రిటైరయిన ఏడు ఒత్తు పోయింది, అది సమయం తింటోందనిపించింది, పైనుంచి చెయ్యెత్తి కిందికి తేవాలి కదా. తర్వాత తలకట్లు. తలకట్టు పోతే అక్షరం అక్షరంలా ఉండదు, బోడితల. ముప్పై ఐదు. నలభై. నలభై రెండు. దీర్ఘాలు, గుళ్లు, కొమ్ములు, ఏవి ఏ నెలలో పోయాయో చెప్పలేను. ఒకరోజు చూసుకుంటే గీత ఉంది. ఎవరూ అడగలేదు. సంతకం చూసి పని బాగుందనో బాగాలేదనో ఎవరూ అనలేదు. ఆసుపత్రిలో ఒక్కసారి, అమ్మ ఆపరేషనుకి ఒప్పుకోలు కాగితం మీద గీత గీస్తే, నర్సు కాగితం వెనక్కి తోసి, "పేరు రాయండి సార్, మీ అమ్మగారు కదా" అంది. అప్పుడు రాశాను. నిదానంగా, అక్షరం అక్షరం. చెయ్యి మరిచిపోలేదు అప్పటికి.

ఆ తేదీ. ఆ రోజు ఏం జరిగింది. అదే వెతుకుతున్నాను నిన్నటి నుంచి. ఏదో ఒకటి ఉండి ఉండాలి. జ్వరమా, కాదు, జ్వరం వచ్చింది దానికి ముందు నెల. అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజా, అది కాదు, అది సోమవారం. వానా? వాన లేదు, ఎండగానే ఉంది, స్కూటరు సీటు కాలిపోయింది. మోకాలా? మోకాలు నొప్పి ఎప్పుడూ ఉండేదే. పొద్దున ఇంట్లో టిఫిను తిన్నాను, రెండు బిల్డింగులు చూశాను, మూడోది ఇది, పదకొండున్నర అయి ఉంటుంది. లిఫ్టు ఒకసారి పైకి, ఒకసారి కిందికి. చెవి పెట్టి విన్నాను. బాగుంది. నునుపుగా, మెత్తగా, పాలమీద మీగడలా. మా కంపెనీలో నాకు పేరది, చెవితోనే రోగం పట్టేస్తాడని. కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపించి చెబుతారు. నాకూ అది బాగానే ఉండేది, కాదనను. చెవి బాగుందని చెప్పింది, నేను నమ్మాను. ఇరుక్కుపోయిన స్విచ్చి చప్పుడు చెయ్యదు. అది అందరికీ తెలుసు. నాకు అందరికంటే ముందే తెలుసు.

"బొటనవేలు కొంచెం జరపండి, అక్షరం అక్కడిదాకా వస్తుంది" అంది ఆవిడ. జరిపాను. పెన్ను నా గోటిని రాసుకుంటూ పోయింది. బెంచీకి రెండు పలకలు, మధ్యలో సన్నని సందు. ఆవిడ పెన్ను ఆ సందు మీదికి రాగానే కాగితం లోపలికి దిగి గీత ఎగిరి పడింది, అక్షరం నడుం విరిగింది. "హయ్యో, మళ్లీ గోతిలో పడింది" అని కాగితం పక్కకి జరుపుకుంది.

నేను నా జిరాక్సు తీశాను. పదకొండో గడి. ఎర్ర సున్నాలో గీత. పైకి లేచి, కిందికి జారుతూ, మధ్యలో ఒక చిన్న గెంతు. కనబడీ కనబడనట్టుండే గెంతు, వెంట్రుకవాసి. పెన్ను గోతిలో పడి లేచినట్టు. పదో గడిలోనూ అక్కడే. తొమ్మిదో గడిలో. ఎనిమిది. ఏడు. ఆరు, ఐదు, నాలుగు, మూడు. రెండో గడిలో లేదు. మొదటి గడిలో లేదు. ఆ రెండింటిలో గీత గాజు మీద జారినట్టు పోయింది. వాచ్‌మన్ బల్ల. రెండు చెక్కలు కలిపి కొట్టిన బల్ల, మధ్యలో సందు, ఆ సందులో అతను అగ్గిపుల్లలు దోపి పెట్టుకునేవాడు. పైన మెషిన్ గదిలో ప్యానెలు మూత ఇనపరేకు, నున్నగా ఉంటుంది, దానిమీద పెడితే గెంతు రాదు. పైకెక్కి పెట్టినవి రెండు. కింద కుర్చీలో కూర్చుని పెట్టినవి తొమ్మిది. మూడో నెలలో డాబా తాళంచెవి కనబడలేదు, అది గుర్తొచ్చింది, వాచ్‌మన్ మఫ్లరు తీసి జేబులన్నీ వెతుక్కున్నాడు, కంగారు పడ్డాడు పాపం, వచ్చే నెల చూద్దాంలే అన్నాను. కుర్చీ వేశాడు. నీళ్లిచ్చాడు. వచ్చే నెల తాళంచెవి సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు అతను. నేనే కుర్చీ వైపు నడిచాను. ఆ తర్వాత అతను తాళంచెవి పట్టుకుని నిలబడటం మానేశాడు. నిపుణుడికి ఆ బల్ల తెలియదు. మేనేజరుకి తెలియదు. నాకూ వాచ్‌మన్‌కీ తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు, అతని మాట ఎవరూ వినరు.

తలుపు తెరుచుకుంది. అటెండరు తల బయటపెట్టి, "లిఫ్టు ఇన్‌స్పెక్టరు గారెవరండీ? రండి" అన్నాడు.

కాగితం మీద నా వేళ్లున్నాయింకా. ఆవిడ నా వేళ్ల వైపు చూసింది, తర్వాత నా మొహం వైపు. నా వేళ్ల కిందనుంచి కాగితం మెల్లగా లాక్కుంది.

లోపల పొడుగు బల్ల. విచారణాధికారి కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని ఉంది, పక్కన టైపు చేసే అమ్మాయి, ఎదురుగా మా మేనేజరు, అతని పక్కన కంపెనీ లాయరు. మేనేజరు నన్ను చూసి కనుబొమలు ఎగరేసి దించాడు, అంతా సరే కదా అన్నట్టు. పదకొండో గడిలో సంతకం మీదేనా అని అడిగింది అధికారి. నాదేనండీ అన్నాను. లాయరు కదిలాడు. "నిపుణులే తేల్చలేమన్నారు, మీరెలా చెప్పగలరు?" బల్ల సంగతి చెప్పాను. గెంతు చూపించాను. ఆవిడ అద్దాలు కిందికి దించుకుని, కాగితం దగ్గరికి తెచ్చుకుని, గడులన్నీ వేలితో లెక్కపెట్టింది. "అంటే ఆ రోజు మీరు పైన మెషిన్ గదికి వెళ్లలేదు." వెళ్లలేదు. "తలుపులు చూడలేదు." చూడలేదు. "తొమ్మిది నెలలుగా." అవును. "ఎందుకు?"

నిన్నటి నుంచి వెతికిన జ్వరం, వాన, మోకాలు అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. ఏదీ ఆ రోజుది కాదు.

"కారణమేమీ లేదండీ."

టైపు ఆగింది. అధికారి నన్ను చూసి, "కారణం లేదు అని రాయమంటారా?" అంది.

"అలాగే రాయండి."

వాచ్‌మన్‌కి ఇందులో ఏ సంబంధమూ లేదని, తాళంచెవి పట్టుకుని అతను నిలబడ్డ నెలలో కూడా డాబా ఎక్కనిది నేనేనని, అదీ రాయించాను. తర్వాత అడగనిది కూడా చెప్పాను. ఇలాంటి బిల్డింగులు నావి ఇంకా ఉన్నాయి, లెక్కేసుకుంటే ఇరవై మూడు, వాటిలో లిఫ్టులు ఇప్పుడీ క్షణాన కూడా నడుస్తున్నాయి, జనం ఎక్కుతున్నారు దిగుతున్నారు అన్నాను. మేనేజరు, "అది ఈ కేసుకి సంబంధం లేదు మేడం" అన్నాడు, మర్యాదగానే. విచారణ పరిధిలోకి రాదు నిజమే, విడిగా రాసివ్వండి, పంపుతాను అంది అధికారి. పంపితే ఎన్నాళ్లకండీ అన్నాను. ఆవిడ క్యాలెండరు వైపు చూసింది. వాంగ్మూలం అచ్చయి వచ్చింది. పూర్తి పేరు రాద్దామని పెన్ను పట్టుకున్నాను. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి జారిపోయింది, ఎప్పటి గీతే వచ్చింది. అంత తొందరగా మారదు చెయ్యి. కింద పేరు టైపు చేశారు.

బయటికొచ్చేసరికి బెంచీ దగ్గర ఆవిడ నిలబడి ఉంది, కాగితాలు చంకలో పెట్టుకుని. తర్వాత పిలుపు ఆవిడదే. పక్కనుంచి తప్పుకుని పోవచ్చు నేను. కారిడారు వెడల్పుగానే ఉంది.

"ఆ రోజు పైకెక్కి చూశారా?" అంది.

"లేదమ్మా. చూడలేదు."

"లోపల చెప్పారా ఆ మాట?"

"చెప్పాను."

"రాసుకున్నారా, ఊరికే విన్నారా?"

"రాసుకున్నారు. సంతకం చేశాను."

ఆవిడ నా చేతుల వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. "బటను నొక్కాను, తలుపు తెరుచుకుంది, ముందు సంచీ బయటికి పెట్టాను. పెళ్లికూతురి బట్టలు అవి, మర్నాడు ఇవ్వాలి. సంచీ నలగకూడదని చెయ్యి తీయలేదు" అంది, ఎవరికో బజారు సంగతి చెబుతున్నట్టు. "బట్టలు బాగానే ఉన్నాయి. వాళ్లు తీసుకెళ్లారు." అంతే చెప్పి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

బెంచీ మీద కూర్చున్నాను. కూర్చుని ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంటికి ఫోను చెయ్యాలి, మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది. ఫోను తీశాను. ఆవిడ నంబరు పైనే ఉంది, దాని కింద వాచ్‌మన్‌ల నంబర్లు, పేర్లతో కాదు, నేను రాసుకున్న గుర్తులతో. నీళ్ల ట్యాంకు పక్కది. పసుపు బిల్డింగు. కుక్కల బిల్డింగు. నీళ్ల ట్యాంకు పక్కదానికి కలిపాను. లిఫ్టు మెయిను స్విచ్చి కట్టేసెయ్, గేటుకి బోర్డు పెట్టు, మెట్ల మీద పొమ్మను, వేరే మనిషి వచ్చి తలుపులన్నీ చూసేదాకా తీయొద్దు అన్నాను. "అమ్మో, ఆరో అంతస్తు వాళ్లు నన్ను నమిలేస్తారు సార్. ఎవరు చెప్పారని చెప్పమంటారు?" నేను చెప్పానని చెప్పు అన్నాను. "మీ పేరేంటి సార్? రిజిస్టరులో చూసి చెబుదామంటే అక్కడ పేరుంటే కదా." అక్షరం అక్షరం చెప్పాను. ఒత్తు ఎక్కడో కూడా అడిగాడు, చెప్పాను. రాసుకున్నాడు. పసుపు బిల్డింగుకి కలిపాను. అతను పేరడగలేదు, బూతులు తిట్టుకుంటూ ఫోను పక్కన పెట్టి వెళ్లాడు, కానీ మెయిను కట్టిన చప్పుడు విన్నాను. అవతల ఎవరో ఆడపిల్ల, "అంకుల్, ఇప్పుడే ఎక్కబోయాను, ఇప్పుడే ఆపాలా" అంటోంది. మేనేజరు బయటికొచ్చి నా ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. "ఏం చేస్తున్నారో తెలుసా మీరు?" అన్నాడు. తెలుసన్నాను. ఉద్యోగం సంగతి రేపు ఆఫీసులో మాట్లాడదామని లిఫ్టు వైపు వెళ్లి, బటను దగ్గర ఆగి, ఏమనుకున్నాడో మెట్ల వైపు తిరిగాడు.

ఐదో ఫోనో ఆరో ఫోనో చేస్తుండగా తలుపు తెరుచుకుని ఆవిడ వచ్చింది. నన్ను దాటిపోయింది. నాలుగడుగులు వేసి ఆగింది. నా మాటలు విన్నట్టుంది. మెల్లగా వెనక్కి వచ్చింది.

"అన్నీ మీరు చూసేవేనా అవి?"

"అవునమ్మా. చూడవలసినవి."

"బస్‌స్టాండు వెనక ఐదంతస్తుల బిల్డింగుంది. కింద మందుల కొట్టు. అదీ మీదేనా?"

గుర్తు వెతుక్కున్నాను. మందుల కొట్టు. ఉంది జాబితాలో, అడుగున, ఇరవై మూడోది.

"నాదే."

"మా చెల్లెలుంటుంది అందులో. నెలలు నిండాయి దానికి, రోజూ లిఫ్టులోనే దిగి ఎక్కుతుంది." ఆవిడ గొంతు మొదటిసారి మారింది. "ముందు దానికి చెయ్యండి."

వరస తప్పించి అడుగుకి వెళ్లాను. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి మోగుతుంటే మెట్ల దగ్గర ఎవరో పిలిచారు ఆవిడని, టైమైపోతోంది రా అని. ఆవిడ కదల్లేదు. కూర్చోలేదు కూడా. పనిచెయ్యని చేతిని మంచిచేత్తో పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. అవతలివాడు ఫోనెత్తి, నేను చెప్పింది విని, గొణుక్కుని, వెళ్లి మెయిను కట్టి, తిరిగొచ్చి, "ఆపేశాను సార్, లోపలెవరూ లేరు, చూసే ఆపాను" అనేదాకా, ఆ మాట నా నోటివెంట మళ్లీ తను వినేదాకా ఆవిడ అక్కడే ఉంది.